రాములవ్వ ఇరవై రెండు జవాబులు

రాములవ్వ గురించి నాకు తెలిసినంత ఆమెను కన్నతల్లికి కూడా తెలిసి ఉండదు. కూతుర్ని ఎదురుగా కూచోబెట్టుకుని, ప్రమాణం చేయించి, ఇరవై రెండు ప్రశ్నలు అడిగే తల్లి ఎక్కడా ఉండదు కదా. నేను అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. కింద ఆమె బొటనవేలికి సిరా రాసి, నా చేత్తోనే ముద్ర వేయించాను.

నా పేరు ఫరీద్. కామారెడ్డిలో ఒక వకీలు దగ్గర ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేశాను. దావా కాగితాలు రాయడం, నకళ్లు తీయడం, పేషీ తారీఖులు గుర్తు పెట్టుకోవడం, పార్టీలకు కబుర్లు పెట్టడం నా పని. రాములవ్వ దావా నడిచిన కోర్టు ఏ ఊరిదో చెప్పను. ఆ జడ్జి కుర్చీలో కూచున్నవాళ్లకు పిల్లలున్నారు, వాళ్లు బజారులో కనబడితే నాకు సలాం చేస్తారు.

కోర్టు అనగానే జనానికి బోను, నల్లకోట్లు, అరుపులు గుర్తుకొస్తాయి. అసలు కేసు అక్కడిదాకా రాకముందే కాగితాల మీద తేలిపోతుంది. నీ దగ్గర ఏమున్నాయో నాకు చూపించు, నా దగ్గర ఏమున్నాయో నీకు చూపిస్తాను. నువ్వడిగింది నేను ప్రమాణం చేసి చెబుతాను, నేనడిగింది నువ్వు ప్రమాణం చేసి చెప్పు. విచారణ రోజున ఎవరూ ఎవరినీ దొంగదెబ్బ కొట్టొద్దు. చట్టంలో రాసింది ఇదీ. రాసినవాడు మంచివాడే అయి ఉంటాడు. కాకపోతే మా ప్రతివాది పర్శరాములును చూసి ఉండడు.

ఎనభై ఐదులో, వానాకాలం నాట్లు అయిపోయిన వారానికి రాములవ్వ మొదటిసారి మా ఆఫీసు మెట్లెక్కింది. నలభై దాటిన మనిషి. ఎల్లారెడ్డి అవతలి పల్లె నుంచి పొద్దటి బస్సుకు బయల్దేరిందట. వకీలు సాబు ఇంకా రాలేదు. ఊరికే కూచోవడం ఆమెకు చేతకాలేదు. సంచిలోంచి తునికాకు, కత్తెర తీసి బీడీల ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఇది ఆఫీసు" అన్నాను.

"నీ ఆఫీసు నువ్వు జేస్కో బిడ్డా, నా పని నేను జేస్కుంట. పొద్దుగూకేలోపు వెయ్యి బీడీలు జెయ్యాలె."

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత మూడేళ్లలో ఆమె వచ్చినప్పుడల్లా ఆఫీసు నేల మీద ఆకు ముక్కలు మిగిలేవి. నేనే ఊడ్చేవాణ్ణి.

ఆమె గొడవ చిన్నదే. భర్త హన్మండ్లు ఏడాది కిందట కామెర్లతో చనిపోయాడు. రెండెకరాల పొలం, దాంట్లో ఒక బావి, బావి పక్కన వాళ్లు కాపురమున్న రేకుల కొట్టం. పిల్లల్లేరు. హన్మండ్లు అన్నకొడుకు పర్శరాములు మూడో రోజే వచ్చి ఇనుప పెట్టె భుజానికెత్తుకుని పోయాడు. పట్టా పుస్తకం, రేషన్ కార్డు అందులోనే ఉన్నాయి. పదకొండో రోజు కర్మ భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటూ, "ఇగ నువ్వు ఎప్పుడు పోతవు?" అని అడిగాడట. ఎక్కడికి పోవాలని ఆమె అడిగింది. "ఏడికెళ్లి వచ్చినవో గాడికే" అన్నాడు.

ఆ పొలం తనదని, తనను అక్కడి నుంచి కదిలించొద్దని ఆమె తరఫున దావా వేశాం. పర్శరాములు జవాబుదావా రెండు పేజీలు. అందులో పనికొచ్చే వాక్యం ఒక్కటే: వాది మా చిన్నాన్న దగ్గర జీతానికి ఉన్న మనిషి, భార్య కాదు. భార్య అయితే పొలం ఆమెది. కాకపోతే అతనిది. మూడేళ్లు నడిచిన దావా మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడింది.

మొదట కాగితాలు. ఎవరి దగ్గర ఏమున్నాయో జాబితా రాసి ప్రమాణం చేసి కోర్టులో పెట్టాలి. తనకు పనికొచ్చేవే కాదు, ఉన్నవన్నీ. రాములవ్వ ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. రెండు దవాఖానా చీటీలు, ఒక విత్తనాల రసీదు, బీడీ కంపెనీ ఇచ్చిన గుర్తింపు కార్డు. కార్డు తిప్పి చూశాను. రాములవ్వ, భర్త సాయిలు అని ఉంది.

"సాయిలు ఎవరవ్వా?"

"నా మొదటి మొగడు. దోమకొండల చిన్నప్పుడు లగ్గం జేసిండ్రు. నాలుగేండ్లకు జెరమొచ్చి సచ్చిపోయిండు. గప్పటి కార్డు బిడ్డా గది. మల్ల మార్పించాల్నని ఎవలు జెప్పిండ్రు?"

ఓటర్ల లిస్టు రాయడానికి వచ్చినవాడు కూడా ఆ కార్డు చూసే రాసుకుపోయాడట. అందులోనూ భర్త సాయిలే.

ఈ కార్డు జాబితాలో పెట్టొద్దని వకీలు సాబుతో అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశాడు. "ప్రమాణం చేసి ఉన్నయన్ని చూపించాలె ఫరీద్. దాచినమనుకో, రేపు బయటపడితే ఆమె మాట ఎవడు నమ్మడు" అన్నాడు. చట్ట ప్రకారం ఆయన మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ఆ సరైన మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. మేం కార్డు చూపించాం. అవతలి గుమాస్తా వచ్చి, నేను తెప్పించిన చాయ్ తాగుతూ తీరిగ్గా నకలు రాసుకుపోయాడు.

పెట్టెలో తీసుకుపోయిన రేషన్ కార్డు, పట్టా పుస్తకం చూపించమని మేం పర్శరాములుకు నోటీసు ఇచ్చాం. రేషన్ కార్డులో ఆమె పేరు హన్మండ్లు పేరు కిందే ఉందని రాములవ్వ చెప్పింది. అతని జవాబు ఒక్క వరుస. అవి నా దగ్గర లేవు, ఎన్నడూ లేవు. కింద ప్రమాణం, చక్కటి సంతకం. అతను ఏడో తరగతి దాకా చదువుకున్నాడు.

తర్వాత ప్రశ్నలు వచ్చాయి. కోర్టు అనుమతి తీసుకుని అవతలివాళ్లు పంపిన ఇరవై రెండు ప్రశ్నలు, ఇంగ్లీషులో టైపు చేసి. ఒక్కొక్కటీ తెలుగులో చెప్పి జవాబు రాసుకోవడం నా పని. వకీలు సాబు ఆ రోజు నిజామాబాదులో ఉన్నాడు. పిచ్చి ప్రశ్నలుంటే ఏడు రోజుల్లో అభ్యంతరం చెప్పొచ్చు. ఆయన ఆ కాగితాలు విప్పి చూసింది తొమ్మిదో రోజున.

"ఏ పురోహితుడు లగ్గం చేశాడు?"

"ఎవలు జెయ్యలే. మారుమనువుకు అయ్యగారు ఎందుకు వస్తడు బిడ్డా?"

"లగ్నపత్రిక ఉందా?"

"లేదు."

"ఫోటో?"

"లేదు. ఆయన ఫోటో దిగితె ఆయుస్సు తగ్గుతదనెటోడు. దిగకున్నా తగ్గింది."

ఇలా చెబుతూ పోయింది, కత్తెర ఆపకుండా. సాయిలు పోయాక తొమ్మిదేళ్లు తల్లిగారింట్లో బీడీలు చేసింది. వదినెలు పెట్టిన తిండి తిన్నది, అనకూడని మాటలూ పడింది. ఒక ఏడాది నాట్ల గుంపుతో కలిసి ఎల్లారెడ్డి వైపు కూలికి వెళ్లింది. రెండు పంటలకు హన్మండ్లు పొలంలో నాటు వేసింది. అతని మొదటి భార్య అప్పటికే లేదు. రెండో ఏడు అతను దోమకొండకు మనిషిని పంపి అడిగించాడు. కులపెద్దలు నలుగురు కూచున్నారు, కొత్త చీర పెట్టారు, గాజులు తొడిగారు, కల్లు పోశారు. పదమూడేళ్లు కాపురం చేసింది. బావి తవ్వినప్పుడు మట్టి తట్టలు తనే మోసింది. రెండు కడుపులు పోయాయి. ఆ తర్వాత రాలేదు.

పదహారో ప్రశ్న: నువ్వు హన్మండ్లు పొలంలో కూలి పని చేశావా, అతను నీకు కూలి ఇచ్చాడా?

"జేసిన. ఇచ్చిండు. పైసలిచ్చి, మీదికెళ్లి ఒక సోలెడు బియ్యం గుడ ఇచ్చిండు. గందుకే నాకు మంచోడనిపిచ్చిండు."

నవ్వింది. ఆ నవ్వు రాయడానికి కాగితంలో చోటు లేదు. "చేశాను, ఇచ్చాడు" అని రాశాను.

పదకొండో ప్రశ్నే అన్నిటికన్నా పాడుది, చూడ్డానికి మాత్రం ఏమీ లేదు. ఆ మారుమనువుకు ఉన్న పెద్దమనుషుల్లో ఇప్పుడు బతికి ఉన్నవాళ్లు ఎవరు? రాములవ్వ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ముగ్గురు పోయారు. మిగిలింది సిద్దిరాములు ఒక్కడే. హన్మండ్లు పొలం గట్టు పక్కనే ఆయన పొలం. "నన్ను పీట మీద కూసోబెట్టిందే ఆయన. నాకు బాపు లెక్క" అంది. రాశాను. ఆ పేరు రాయకుండా ఉండాల్సింది. రాసి, నకలు తీసి, అవతలివాళ్లకు నేనే అందించాను. మా ఏకైక సాక్షి ఇల్లు పర్శరాములుకు వేలు పెట్టి చూపించినవాణ్ణి నేను.

నాలుగో ప్రశ్న దగ్గర మాత్రం ఆమె నోరు తెరవలేదు. నీ భర్త అని నువ్వు చెబుతున్న మనిషి పేరేమి? ఆమె తల వంచుకుని ఆకు కత్తిరిస్తూనే ఉంది. నాకు కొత్తేమీ కాదు. మా అమ్మ అన్వరి బేగం నలభై ఏళ్ల కాపురంలో మా నాన్న పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. రేషన్ దుకాణంలో అడిగితే నావైపు చూసేది, నేను ఘనీ అని చెప్పేవాణ్ణి. రాములవ్వ కూడా నావైపే చూసింది. హన్మండ్లు అని నేనే రాసేశాను.

మేం కూడా పర్శరాములుకు పదిహేడు ప్రశ్నలు పంపాం. పదిహేనింటికి తెలియదు అని, రెండింటికి అబద్ధం అని జవాబొచ్చింది. పదమూడేళ్లు అదే ఊళ్లో ఉన్నవాడికి తన చిన్నాన్న ఇంట్లో అన్నం వండింది ఎవరో తెలియదట. అది కూడా ప్రమాణం చేసిన జవాబే. కోర్టు ఫైలులో రెండు కాగితాలూ ఒకే దారంతో కుట్టి పెట్టారు.

నెల తిరక్కముందే అవతలి వకీలు ఒక దరఖాస్తు పెట్టాడు. ఈ జవాబులు వాది చెప్పినవి కావు, గుమాస్తా కల్పించి రాసినవి, ముఖ్యంగా నాలుగోది ఆమె నోట వచ్చింది కాదు, కాబట్టి ఆమెను కోర్టుకు పిలిపించి నోటితో చెప్పించాలి అని. అలా చెప్పించే అధికారం ఆ కోర్టు జడ్జి మున్సిఫ్‌కు ఉంది. ఆయన సరేనన్నాడు. అవతలి వకీలుకు నాలుగో ప్రశ్న సంగతి ఎలా తెలుసని నేను ఆలోచించలేదు. తమ కులంలో ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తరని పర్శరాములుకు తెలియదా?

పేషీ రోజున హాలు నిండా జనం. ఎల్లారెడ్డి వైపు వాళ్లే పాతిక మంది, సగం ఆమె కులంవాళ్లు, వాళ్లలో సిద్దిరాములు కూడా ఉన్నాడు. పర్శరాములు వాళ్లను ఎందుకు వెంటబెట్టుకొచ్చాడో అప్పుడు నాకు తట్టలేదు. రాములవ్వను నిలబెట్టి ప్రమాణం చేయించారు. ఊరు, వయసు చెప్పింది. ఆ తర్వాత అవతలి వకీలు చాలా మర్యాదగా అడిగాడు.

"నీ భర్త పేరు చెప్పమ్మా."

ఆమె నావైపు చూసింది. నేను లేచి నిలబడ్డాను.

"గుమాస్తా కూచో. ఆమెనే చెప్పాలి" అన్నాడు మున్సిఫ్.

"గాయన పేరు కాగితంల ఉన్నది గద సారూ" అంది రాములవ్వ.

"కాగితంలో ఉన్నది నీ మాట కాదంటున్నారు. నీ నోటితో చెప్పు. చెప్పకపోతే నీ దావా కొట్టేయాల్సి వస్తుంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో వెనక నవ్వారు. ఇంకెవరితోనైనా చెప్పిస్తానని బతిమాలింది, కుదరదన్నారు. మా వకీలు సాబు గడియారం చూసుకుంటున్నాడు, ఆయనకు పక్క హాల్లో ఇంకో కేసు ఉంది. నాకు దావా ఒక్కటే కనబడింది. బల్ల మీదుగా వంగి, "చెప్పవ్వా, ఒక్కసారి చెప్పు. చెప్పకుంటే పొలం పోతది, కొట్టం పోతది. ఏం కాదు, చెప్పు" అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. కళ్లు మూసుకుంది.

"హన్మండ్లు."

బెంచీ గుమాస్తా రాసుకున్నాడు. అవతలి వకీలు ఇంకేమీ అడగకుండా, థాంక్స్ చెప్పి కూచున్నాడు. ఆమె కులపు ఆడవాళ్లు ఇద్దరు లేచి బయటికి వెళ్లిపోయారు. గండం గడిచిందని నేను సంతోషపడ్డాను. చూడండి, ఇరవై ఆరేళ్ల అనుభవం ఉందని చెప్పుకునే నా బుర్ర ఎంత పనిచేసిందో.

ఆ సాయంత్రం ఆమెను తిరుగు బస్సెక్కించాను. బస్సు కదులుతుంటే కిటికీలోంచి, "గా పేరు పదమూడేండ్లు కడుపుల దాస్కున్న, బిడ్డా" అంది. నేను తల ఊపాను.

విచారణ ఎనభై ఎనిమిదిలో వచ్చింది. సిద్దిరాములును మా సాక్షిగా పిలవాలని ఆయన ఇంటికి వెళ్తే, ఊళ్లో లేడని కోడలు చెప్పింది. పది రోజుల తర్వాత ఆయనే అవతలివాళ్ల సాక్షిగా బోనెక్కాడు. ఆ రెండెకరాల బావి నీళ్లు వారానికి మూడు రోజులు ఆయన పొలానికి వదులుతానని పర్శరాములు మాటిచ్చాడట. ఆ సంగతి ఊరంతా తెలుసు, సాక్ష్యంలోకి మాత్రం రాలేదు. ఆయన చేతిలో కర్ర, మెడలో కొత్త కండువా. ఎనభై ఏళ్ల మనిషి కదా అని మున్సిఫ్ కుర్చీ వేయించాడు.

మారుమనువు ఏదీ తనకు తెలియదన్నాడు. ఆమె జీతానికి ఉన్న మనిషే అన్నాడు. తెలియని సంగతి ఇంత గట్టిగా ఎలా చెబుతున్నావని మా వకీలు సాబు గదమాయించాడు. ముసలాయన తొణకలేదు.

"మా కులంల పెండ్లాం మొగని పేరు తియ్యది దొరా. పాణం పోయినా తియ్యది. నా పెండ్లాం సచ్చేదాక నా పేరు తియ్యలే. ఈమె గీ కోర్టులనే పదిమంది ముందట తీసింది, నేను గీ చెవులతోని విన్న. జీతగాండ్లు తీస్తరు పేరు. పెండ్లాం తీస్తదా?"

కోర్టు బలవంతం చేస్తే చెప్పిందని మా వకీలు సాబు అరిచాడు. మున్సిఫ్ రాసుకుంటూ ఉన్నాడు. నేను రాములవ్వ వైపు చూడలేకపోయాను. ఆ ఉచ్చు వాళ్లు పన్నారు. ఆమెను చెయ్యి పట్టుకుని అందులోకి నడిపించింది మాత్రం నేను.

తీర్పు పద్నాలుగు పేజీలు. పురోహితుడు లేడు, పత్రిక లేదు, ఫోటో లేదు, ఇవి వాది స్వయంగా ఒప్పుకున్నవి. గుర్తింపు కార్డులో, ఓటర్ల లిస్టులో భర్త పేరు సాయిలు, ఇవి వాది స్వయంగా చూపించినవి. కూలి తీసుకున్నట్టు వాది స్వయంగా చెప్పింది. కుల ఆచారం ప్రకారం భార్య భర్త పేరు ఉచ్చరించదని కులపెద్ద చెప్పాడు, వాది కోర్టు ఎదుట ఉచ్చరించింది. ఆమె హన్మండ్లు భార్య అని రుజువు కాలేదు. దావా ఖర్చులతో సహా కొట్టివేత. పర్శరాములు చెప్పిన పదిహేను తెలియదుల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఏమీ చెప్పనివాడి మాటల్లో తప్పు పట్టడానికి ఏముంటుంది?

కోర్టు వరండాలోనే పర్శరాములు ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. చుట్టూ ఊరివాళ్లు.

"ఏడికి పోతవు రాములవ్వా? నేనేం పాపిస్టోన్ని గాదు. కోర్టు కూలిదానివన్నది గద, కూలికి ఉండు. కలుపుకు, నాటుకు రా. అందరితోని సమానం ఇస్త."

అంతకు ముందు చిన్నమ్మా అని పిలిచేవాడట.

ఇరవై రోజుల తర్వాత ఆమె ఆఫీసుకు వచ్చింది. ఆకు తేలేదు, కత్తెర తేలేదు. కొట్టం రేకులు అప్పటికే విప్పేశారు, మాదిగవాడ పక్కన ఎవరిదో పశువుల పాకలో తలదాచుకుంటోంది. నిజామాబాదు జిల్లా కోర్టులో అప్పీలు వేద్దాం, ఈ తీర్పు నిలబడదని వకీలు సాబు ధైర్యం చెప్పాడు. నిజంగానే నిలబడేది కాదు. పదమూడేళ్లు కలిసి బతికితే పెళ్లి జరిగినట్టే భావించాలని పెద్ద కోర్టుల తీర్పులు ఉన్నాయి, కట్టలు కట్టలు నేనే బీరువాలోంచి తీసి ఆయన ముందు పెట్టాను. అప్పీలు కాగితం రాసి, సిరా డబ్బా తెరిచి, ఆమె చెయ్యి కోసం చూశాను.

"గాడ గుడ నన్ను నిలబెట్టి అడుగుతరా బిడ్డా?"

"లేదవ్వా. నువ్వు రావాల్సిన పని గుడ లేదు. నువ్వు జెప్పింది ఫైలుల రాసి ఉన్నది, అదే సదువుతరు."

"ఆయన పేరు తీసింది గుడ సదువుతరా?"

"సదువుతరు."

"నలుగురి ముందట?"

నేను కాగితం ఆమె ముందుకు జరిపాను. ఆమె చాలాసేపు కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు, అయినా ఏ వరుసలో ఏముందో వెతుకుతున్నట్టే చూసింది.

"భూమి పోతె పోనీ ఫరీదు బిడ్డా. గా కాగితంలకెళ్లి నేను పేరు జెప్పిన ముచ్చట కొట్టేపిస్తవా? గదొక్కటి జెయ్యి."

"కొట్టెయ్యరాదవ్వా. కోర్టుల రాసింది ఎవలు తియ్యరాదు."

"మరి నువ్వు ఏం కాదన్నవు గద."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేను తట్టుకునేవాణ్ణి. సిరా అంటని బొటనవేలు కొంగులో దాచుకుని లేచి, మెట్లు దిగి వెళ్లిపోయింది. అప్పీలుకు ముప్పై రోజుల గడువు, మిగిలింది పది రోజులు. ప్రతిరోజూ పొద్దటి ఎల్లారెడ్డి బస్సు వచ్చే వేళకు వీధిలోకి చూశాను. రాలేదు. ముప్పై ఒకటో రోజున అప్పీలు కాగితం నేనే చింపేశాను.

ఆ యాసంగి పంటకు పర్శరాములు రెండెకరాల్లో నాటు వేసిన తొమ్మిది మంది కూలీల్లో రాములవ్వ ఒకతె. గట్టు మీద నిలబడి పేర్లు పిలిచింది సిద్దిరాములు. ఆమె పలికింది.